మామ కట్టిన తాళ్లు

పోయిన మంగళవారం తెల్లారి, మా వీధి కొళాయి దగ్గర బిందెల వరస కదులుతూ ఉంటే ఒక మట్టికుండ మాత్రం కదల్లేదు. మెడకు కొబ్బరితాడు చుట్టిన కుండ. ముందురోజు సాయంత్రమే వరసలో చేరిన కుండ. ఎవరిదో అందరికీ తెలుసు. వెనక నిలబడ్డ ఆమె దాన్ని కాలితో ముందుకు తోసి, "ఏం మామా, ఇంకా నిద్రేనా? నీ వంతు వచ్చేసినాది" అని కేకేసింది. ఇంకోసారి కేకేసింది. నేను వెళ్లి చూశాను. అరుగు మీద పడుకున్నవాడు పడుకున్నట్టే ఉన్నాడు. మా పేట గుడిసెలకు కప్పులు వేసిన మామ పోయాడు.

ఆదివారం సంఘం వాళ్లు సంతాపసభ పెట్టారు. మా పేట బాగు కోసం ఒక సంఘం ఉంది. దానికి ఒక అధ్యక్షుడున్నాడు. ఆయన పేటలో ఉండడు. మూడు వీధుల అవతల మేడలో ఉంటాడు. అక్కణ్ణించి చూస్తే మా బాగు బాగా కనిపిస్తుంది కాబోలు. అరగంట మాట్లాడాడు. చాలావరకు తన గురించే. మామ గురించి చెప్పింది రెండు మాటలు. చదువు లేకపోయినా నిజాయితీ గల మనిషి అన్నది ఒకటి. రెండోది ఇది: "పాపం, ఆ పెద్దాయన కట్టిన తాళ్లు అగ్నిప్రమాదం నాడు పనిచెయ్యలేదు. అజ్ఞానమంటే అదే. అందుకే మనకు పెంకుటిళ్లు తెచ్చుకోవలసి వచ్చింది."

జనం చప్పట్లు కొట్టారు. చావు సభలో చప్పట్లేమిటో నాకు తెలియదు. నేను ముందు వరసలో చాప మీద ఉన్నాను. లేవలేదు. నలుగురిలో నాకు నోరు రాదు. చిన్నప్పటినుంచీ అంతే, ఒక్కసారి తప్ప. అందుకని ఇది రాస్తున్నాను. మా ఊరి వీధిబడిలో పంతులు బెత్తంతో నేర్పిన అక్షరాలు ఇంతవరకు నాకు చేసిన మేలు తక్కువ. ఈ ఒక్కటి చేస్తే చాలు.

మామ కట్టిన తాళ్లు పనిచెయ్యకపోవడం కాదు. ఆ రోజుకు ఆ తాళ్లు లేవు. ఎందుకు లేవో చెబుతాను.

ఆయన నాకు చుట్టం కాడు. నాకంటే ఏడేళ్లే పెద్ద. పేటంతా మామ అంటే నేనూ మామ అన్నాను. నెల్లూరు వైపు మెట్ట ఊరు ఆయనది. ఒక ఆసామి దగ్గర పాలేరు. వరసగా వానలు లేక ఎడ్లు చచ్చిపోతే, ఎడ్లు లేని పాలేరు దేనికని రైలెక్కాడు. మదరాసులో దిగి, ఎవరికీ వంగి దండం పెట్టకుండా చేసే పని ఏదని వెతికితే కప్పులు వేసే పని దొరికిందట. "గుడిసె అందరికీ కావాల. మేడ కట్టేవోడిక్కూడా సిమెంటు దాచుకోను ముందు గుడిసే కావాల" అనేవాడు.

మిల్లులో నూలు బుట్టలు మోసే పనికి నేను వచ్చేటప్పటికి వ్యాసర్పాడిలో రైలు పట్టాలకూ మురుగు కాలవకూ నడుమ కొద్దిపాటి గుడిసెలు. చూస్తుండగానే లెక్కపెట్టడం మానేసేన్ని అయినాయి. రైలు యార్డు కూలీలు, మిల్లు కూలీలు, తోలు పనివాళ్లు. సగం తెలుగు, సగం అరవం. పోట్లాటలకు రెండూ వాడేవాళ్లు. గుడిసెకూ గుడిసెకూ నడుమ మనిషి పక్కకు తిరిగితేనే పట్టే సందు. ఒకరి చూరు ఇంకొకరి చూరు మీద. పైన కప్పంతా అల్లిన కొబ్బరాకు. ఇక్కడివాళ్లు కీత్తు అంటారు. మే నెల కత్తెర ఎండలు వచ్చేసరికి అది పొయ్యిలో పెట్టడానికి సిద్ధంగా ఉంటుంది. మేము దాని కింద పొయ్యి పెట్టుకుని వండుకునేవాళ్లం.

మిగతా పనివాళ్లు ఆ ఆకును వాసాలకు పీటముళ్లు వేసి బిగించి పోయేవాళ్లు. మామ పద్ధతి వేరు. ముందు నేలమీద వెదురు బద్దలతో తడిక కట్టి, దాని మీద ఆకు పరిచి కుట్టేవాడు. ఇటు వాలుకు ఒక తడిక, అటు వాలుకు ఒకటి. వాటిని పైకెత్తి నడిదూలానికి ఒకే తాడుతో వేలాడదీసేవాడు. ఆ తాడుకు జారుముడి. బరువుకు బిగుస్తుంది, కొస లాగితే జారుతుంది. ఆ కొస చూరు కింద నుంచి తలుపు పక్కకు మూరెడు వేలాడేది. దగ్గర్లో నిప్పు లేచిందంటే కొస పట్టుకుని లాగడమే. కప్పంతా జారి కింద పడుతుంది. ఈడ్చి అవతల పారేస్తే నిప్పుకు దాటడానికి దారి ఉండదు.

ఈ ముడి ఎక్కడ నేర్చావని అడిగితే నన్ను వెర్రివాణ్ని చూసినట్టు చూశాడు.

"ఎద్దును కట్టే ముడి గదబ్బయా ఇది. కొట్టం అంటుకుంటే ఎద్దు మెడకాడ పీటముడి విప్పతా కూచుంటావా? కట్టేటప్పుడే విప్పేది తలుచుకోవాల."

కప్పు పూర్తయ్యాక ఆ ఇంటి ఇల్లాలి చేత కొస లాగించేవాడు. కొత్త కప్పు దభీమని పడేది. మళ్లీ ఎత్తి కట్టేవాడు. అలా ఒకసారి లాగిందాకా ఆ ఇంట్లో మజ్జిగ కూడా ముట్టడు. మా గుడిసెకు వేసినప్పుడు మా ఇంటిది ఒప్పుకోలేదు.

"ఏంది మామా, కొత్త కప్పు కూలదోయమంటావా? అపశకునం గదా!"

"నిప్పుకి శకునాలు తెల్దమ్మా. లాగు."

లాగింది. దుమ్ములో ముగ్గురం తుమ్మాము. మామ ముక్కు తుడుచుకుని, "చూసినావా, మొగుడు నీ మాట వినకపోయినా కప్పు వింటాది" అన్నాడు. మా ఇంటిది నన్ను చూసి నవ్వింది. ఆ రోజు ఆయన మూడు లోటాల మజ్జిగ తాగాడు.

ఆ తాళ్లు మా గుడిసెల వరసను రెండుసార్లు కాపాడాయి. పక్క సందులో నిప్పు లేస్తే నాలుగు కప్పులు లాగేశాం. సాయంత్రానికి మళ్లీ ఎత్తి కట్టుకుని అన్నాలు వండుకున్నాం. అది పేపర్లో పడలేదు. కాలని గుడిసెలు పేపర్లో పడవు.

స్వరాజ్యం వచ్చాక దేశంలో పేదవాళ్లున్నారన్న సంగతి కొందరికి కొత్తగా తెలిసింది. మమ్మల్ని చూడడానికి వచ్చేవాళ్లు. పుస్తకాలు పట్టుకుని ఇద్దరు అమ్మగార్లు వచ్చారొకసారి, మా బతుకు ఎలా ఉందో రాసుకోవడానికి. ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని మాట్లాడడం వల్ల వాళ్లేమడిగేదీ సగం వినపడలేదు. ఈ గుడిసెలో ఎంతమంది నిద్రపోతారని మామను అడిగారు. "ఎండాకాలం ఎవురూ లోపల పండుకోరమ్మా. వానాకాలం ఎవురూ నిద్రపోరు. ఏ కాలంది రాసుకుంటారు?" అన్నాడు. ఆమె ఏదో రాసుకుంది. ఏం రాసుకుందో ఆ దేవుడికే తెలియాలి.

ఇంకోసారి కోడంబాక్కం నుంచి సినిమావాళ్లు వచ్చి, స్టూడియోలో గుడిసెలు వెయ్యాలని మామను తీసుకుపోయారు. మూడు రోజులకే తిరిగొచ్చాడు. "ఏమైంది మామా?" అంటే ఉమ్మేసి చెప్పాడు. "నేను కట్టింది శుభ్రంగా ఉండాదంట. దాని మీద బురద పూసినార్రా. నాయిక ఉండే గుడిసెకేమో కిటికీ పెట్టి తెర కట్టినారు. బీదోళ్లు ఎట్టుంటారో నాకు చెప్తా ఉండాడు ఆ కళ్లజోడు డైరెక్టరోడు!" తరవాత ఎవరు పిలిచినా స్టూడియోకు పోలేదు.

ఇక ఆ నోటీసు సంగతి.

ఒక ఎండాకాలం మొదట్లో కొళాయి స్తంభానికి కాగితం అంటించారు. ఎవరో పెద్ద నాయకుడు మా పేట చూడ్డానికి వస్తున్నాడట. ఒక వైపు అరవం, ఒక వైపు తెలుగు. తెలుగు వైపు నన్ను చదవమన్నారు. వరసలో తెలుగు చదవగలిగినవాణ్ని నేనొక్కణ్నే. కాగితం వైపు చూసి చదవడం కాబట్టి చదివాను. వీధుల ముందు చెత్త ఉండరాదు. కాలవలో పెంట వేయరాదు. వాకిళ్లు ఊడ్చి ముగ్గులు పెట్టవలెను. శుభ్రముగా నున్న వరుసకు ముందుగా పెంకుటిండ్లు మంజూరగును. అంతే. అంతకు మించి అక్షరం లేదు.

మర్నాడు అధ్యక్షుడు వచ్చి మా వరస ముందు నిలబడ్డాడు.

"ఏంటయ్యా ఇవి? ఇంటింటికీ ఒక ఉరితాడు వేలాడదీసుకున్నారు! వచ్చే పెద్దమనిషి ఏమనుకుంటాడు, వీళ్లంతా చావడానికి సిద్ధంగా ఉన్నారనుకోడూ? కొసలు కోసేసి, పైన గట్టిగా ముళ్లు వేసెయ్యండి. నోటీసులో ఉంది."

మామ నిచ్చెన మీద ఉన్నాడు. దిగి వచ్చాడు.

"నోటీసులోనా? దాన్లో తాడు మాట యాడుంది సామీ? నిన్న మా అబ్బయ చదివినాడుగా. ఏమబ్బయా, ఉండాదా?"

అందరూ నా వైపు తిరిగారు. లేదు అనాలి. రెండక్షరాలు. అధ్యక్షుడు, "ఊఁ, చెప్పవయ్యా, ఉందా లేదా?" అన్నాడు. నేను నేల చూశాను. "చూశారా, ఉంది" అన్నాడు ఆయన. నేల చూసేవాళ్లంటే పెద్దమనుషులకు అందుకే ఇష్టం.

"నా చేత్తో నేను పీటముడి వెయ్యను" అని మామ నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆయన వెయ్యకపోతే మేము లేమా? పెంకుటిల్లు వస్తుందంటే చేతులూరుకుంటాయా? ఇంటింటా కత్తులు బయటికొచ్చాయి. మా ఇంటిది కూర తరిగే కత్తి ఇస్తే నేనూ దూలమెక్కి కొస కోసి ముడి బిగించాను. ఎవరూ చెప్పకపోయినా రెండు ముళ్లు వేశాను. చేతగానివాడు వేసే ముడి ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది.

నాయకుడు చెప్పిన రోజున రాలేదు. ఇంకో రోజు చెప్పి, ఆ రోజూ రాలేదు. మూడోసారి వచ్చాడు. కారు కొళాయి దాకా వచ్చి ఆగింది. దండ వేయించుకున్నాడు. మా వరస దాకా నడవలేదు. మేము పెట్టిన ముగ్గుల మీద పోలీసువాళ్లు నడిచి పోయారు.

మర్నాటి నుంచి మామ కొత్త తాళ్లు భుజాన వేసుకుని గుడిసె గుడిసెకూ తిరిగాడు, మళ్లీ కడతానని. ఎవరూ కట్టనివ్వలేదు. "పెంకులొస్తా ఉండాయి గదా మామా, ఇంకెందుకా కంపు?" అన్నారు. "వచ్చిందాకా నెత్తిన ఉండేది ఆకే గదమ్మా" అన్నాడు. "మళ్లీ ఎవురన్నా చూడనొస్తే?" అన్నారు. ఆ జనంలో మేమూ ఉన్నాం. మా గుమ్మం ముందు ఆయన కాసేపు నిలబడ్డాడు. తాళ్లు ఇంకో భుజానికి మార్చుకున్నాడు. అడక్కుండానే పోయాడు.

కత్తెర ఎండల్లో, మిట్టమధ్యాహ్నం, గాలి రైలు పట్టాల వైపు నుంచి కొడుతుండగా అంటుకుంది. ఎవరి పొయ్యి నుంచో ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఒరిగేదేమీ లేదు. ఆడవాళ్లు అలవాటుగా తలుపు పక్కకు చెయ్యి చాపారు. చేతికి గోడ తగిలింది. మా ఇంటిది కూడా చాపింది. ఆ చెయ్యి అలా గోడ మీద వెతకడం నేను చూశాను.

మామ తడిపిన గోనెసంచి కప్పుకుని, కొడవలి పట్టుకుని, నిప్పుకు ముందున్న గుడిసెల మీదికి ఎక్కాడు. ముళ్లు కోసుకుంటూ మూడు కప్పులు కింద పడేశాడు. నాలుగోది మాది. కొడవలి అప్పటికే జారిపోయింది. చేతులతో పీకాడు. రెండు ముళ్లు. ఆకు అంటుకుంది, ఆయన చేతులు తియ్యలేదు. ముడి ఊడి కప్పు పడేటప్పటికి ఆయనా దానితో పాటే పడ్డాడు. నిప్పు అక్కడ ఆగింది. మా అవతలి గుడిసెలన్నీ మిగిలాయి. ఇవతల వరస మొత్తం బూడిద. మనిషి ఎవరూ పోలేదు. మామ చేతులు పోయాయి.

ఆస్పత్రికి అధ్యక్షుడు వచ్చాడు, ఫొటో తీసేవాణ్ని వెంటబెట్టుకుని. చేతుల కట్లు కనపడేట్టు పట్టుకోమన్నాడు. మామ చేతులు దుప్పటి కింద పెట్టుకుని, "నీ చేతులే ఫొటో తియ్యించుకో సామీ. ముచ్చటగా ఉండాయి" అన్నాడు.

పెంకుటిళ్లు వచ్చాయి. కాలిన వరసకు ముందు ఇచ్చారు. పేట మొత్తంలో శుభ్రంగా ఉన్నది అప్పుడు అదే గదా. ఒక్కో గది, ఒక్కో తలుపు, తలుపు మీద ఒక్కో నంబరు. కిటికీ లేదు. సినిమా గుడిసెకున్న కిటికీ మాకు లేదు. అయితే వానకు కారదు. నిప్పు భయం తగ్గింది. అదీ నిజమే, అదీ రాస్తున్నాను. ఎవరూ ఇవ్వని ఆ ధైర్యాన్ని మామ మాకు ఇరవై ఏళ్లు తాడు ముక్కతో ఇచ్చాడు. దాన్ని ఒక పూటలో కోసి పారేశాం. అదే రాయనివాళ్లు చాలామంది ఉన్నారు గనక రాస్తున్నాను.

మామ తన గదిలో పడుకోలేదు. "పెంకులు పడగొట్టాలంటే యాడ లాగాల?" అనేవాడు నవ్వుతూ. అరుగు మీద ఒక తడిక ఎత్తించుకుని దాని కింద ఉండేవాడు. వేళ్లు ఒకదానికొకటి అంటుకుపోయి చేతులు గరిటెల్లా అయినాయి. అన్నం మా ఇంటిది కలిపి పెట్టేది. నేను మిల్లు నుంచి వస్తూ రోజూ ఆగేవాణ్ని. "ఇదో, నా చేతులొచ్చినాయి" అనేవాడు. తాడు నా చేతికిప్పించి నోటితో చెప్పేవాడు. "మడత పెట్టు. ఆ మడతలో ఇంకో మడత దూర్చు. కొస దూర్చొద్దురా గొడ్డూ, మడత! ఊఁ, ఇప్పుడు బరువెయ్యి." నేను స్తంభానికి కట్టి వేలాడేవాణ్ని. అది నిలిచేది. కొస లాగితే వచ్చేది. నాకు వచ్చిన తరవాత కూడా రాలేదని మళ్లీ కట్టించేవాడు.

ఒక సాయంత్రం చెప్పేశాను. తాడు వైపు చూస్తూ చెప్పాను. "మామా, ఆ నోటీసులో తాళ్ల మాట లేదు."

"తెలుసులే."

"తెలుసా?"

"నువ్వు చదివినప్పుడు విన్నా గదా. చేతులు పోయినాయి గానీ చెవులు ఎప్పుడూ ఉండాయి నాకు."

"మరి నన్నొక మాట అనలేదే?"

బీడీ కోసం మొహం ముందుకు చాపాడు. బీడీ నేనే నోట్లో పెట్టాను. "నోరు లేని గొడ్డును తిట్టి ఏం లాభం? తిట్టాల్సింది నోరుండేవోణ్ని" అన్నాడు. తరవాత, "ఇంకోసారి కట్టు" అన్నాడు.

మంగళవారం నాడు వరసలో ఉన్న ఆయన కుండ నిండింది. ఆడవాళ్లు ఎవరూ వంతు దాటనివ్వలేదు. ఆయన వంతు నీళ్లతోనే ఆయనకు స్నానం చేయించాం. వెదుళ్లు తెచ్చి పాడె కడుతుంటే నేను ముందుకు పోయి తాడు అందుకున్నాను. "నువ్వెందుకు, వయసువాళ్లం ఉండాం గదా" అన్నారు. తాడు వాళ్లకు ఇవ్వలేదు. మడత పెట్టాను. మడతలో మడత దూర్చాను, ఒకే తాడుతో మూడు చోట్ల. కొస పాడె పక్కన మూరెడు వదిలాను.

కాడు దగ్గర అధ్యక్షుడు రిక్షాలో వచ్చి ఎదురుచూస్తున్నాడు, దండతో. పొగ రాని వైపు చూసుకుని నిలబడ్డాడు. పాడె దించాక, చేతి గడియారం చూసుకుని, "కత్తి తెండయ్యా, ఆ తాళ్లు కోసి తొందరగా కానివ్వండి" అన్నాడు. కాటికాపరి కత్తి తీశాడు.

"కొయ్యొద్దు" అన్నాను.

అది నా గొంతేనని నాకే తెలియలేదు. అందరూ తిరిగి చూశారు. ఈసారి నేల చూడలేదు. వంగి కొస పట్టుకుని లాగాను. తలకాడ ముడి, నడుము ముడి, కాళ్లకాడ ముడి, మూడూ ఒకదాని వెంట ఒకటి జారిపోయాయి. మామ మీద ఏ తాడూ మిగల్లేదు. తాడు ఇసక మీద నిలువుగా పడింది. ఎక్కడా తెగలేదు. ఎక్కడ ముడి ఉండేదో కూడా తెలియడం లేదు.